గంజాయి మడిలో నేను కొట్టేసిన మాట

మీరు అడగలేదు. మీ మీద నా మొదటి ఆరోపణ అది. మిగిలినవి వరసలో వస్తాయి, తొందరపడకండి.

ఈ మండిపోయే వేడేళ్లు మొదలయ్యాక చుక్క లేనిదే మీకు నిద్ర లేదు. అన్నం తిని, నాలుక కింద రెండు చుక్కలు వేసుకుని, చల్లగది తలుపు మూసుకుంటారు. ఆ చుక్క ఏ మొక్కదో మీకు తెలుసు. సీసా మీద ‘మందుమొక్క’ అని ఉంటుంది, మర్యాద కోసం. నేను గంజాయి అనే రాస్తాను. ఆ మొక్క ఎక్కడ పెరిగింది, దాని తల ఎవరు తుంచారు, కొమ్మలు ఎవరు వంచి కట్టారు, కట్టినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు అని ఒక్కసారైనా అడిగారా? అడగలేదు. నేనూ మీలాంటిదాన్నే కాబట్టి ఇంత ధైర్యంగా అంటున్నాను.

నా పేరు జ్ఞానసుందరి. వయసు యాభై ఒకటి. బొడ్డగెడ్డ తోటలో చేతిపాఠం రాయడం నా ఉద్యోగం. తోటల్ని నడిపే మండలికి పంపే దినచర్య వేరే ఉంది, అందులో అంతా బాగానే ఉంటుంది. ఇది మీకోసం రాస్తున్నది. ఇక్కడ రోజుల్ని మొక్క వయసుతో లెక్కపెడతాం. నేనూ అలాగే రాస్తాను.

మొలకెత్తి తొమ్మిదో రోజు

నాలుగో మడిలో ఇరవై నాలుగు వరసలు, వరసకు నలభై కుండీలు. కొండవాలు మీద మెట్లు మెట్లుగా కట్టిన తొమ్మిది గాజు మడుల్లో ఇది ఒకటి. బయట ఎండగంట మోగాక ఎవరూ తిరగకూడదు కనుక పని తెల్లవారకముందే మొదలై, గంట మోగేసరికి అందరం గాజు కింద ఉంటాం.

మొలకలు వేలెడు ఎత్తున ఉన్నాయి. కిల్లో దొయిమతి వాటి మీద అరచేతిని గాలిలా ఆడిస్తూ వరస పొడుగునా నడుస్తుంది. అలా రోజూ తాకితే కాండం గట్టిపడుతుందట. ఆమె వెనకే కూతురు రస్మో. దొయిమతికి నలభై దాటి ఉంటాయి, రస్మోకు పంతొమ్మిది. పన్నెండు మంది ఆడవాళ్లలో దొయిమతిదే అందరికంటే మంచి చెయ్యి. అందుకే పాఠం ఆమె దగ్గర రాయమన్నారు.

ప్రతి కుండీ మీదా ఒక యంత్రపుకన్ను వేలాడుతుంది. అది కుండీ అంచు వరకే చూస్తుంది. అంచు దాటిన చెయ్యి దానికి లేనట్టే. కన్ను చూసినదానికి నేను మాటలు రాస్తాను. ఏ వేలు, ఏ కణుపు, ఎంత ఒత్తిడి, ఎంతసేపు. ఆ రెండూ కలిపి, రేపు ఈ పని చేయబోయే ఇనపచేతులు నేర్చుకుంటాయి. కన్ను చూడనిదాన్ని చేర్చే అధికారం నాకుంది. అనవసరమనుకున్నదాన్ని కొట్టేసే అధికారమూ ఉంది. ఈ రాతంతా ఆ రెండో అధికారం గురించే.

“పంతులమ్మా, ఏటి రాస్తన్నావు అంతలాగ?” అంది రస్మో.

“నీ చేతులు ఏం చేస్తున్నాయో రాస్తున్నా.”

“నా సేతులు మెడ గోక్కుంటన్నాయి. అది కూడా రాయి. ఆ ఇనపోడు గోక్కోడం నేర్సుకుంటాడు.”

“ఒలే, పని సూడు,” అంది దొయిమతి తలెత్తకుండా.

రస్మోకు చిన్నప్పటి నుంచీ ఫిట్స్. ఒకసారి పొయ్యి దగ్గర పడి ఎడమ చెయ్యి కాలింది, ఆ మచ్చ మోచేతి దాకా ఉంది. మడిలో పనిచేసే ఇంటికి నెలకొక సీసా ఈ మొక్క నూనె ఇస్తారు, మీరు వేసుకునే చుక్కే. దొయిమతి ఇక్కడ చేరిన రెండేళ్ల నుంచీ రస్మో ఒక్కసారి కూడా పడలేదు. ఒకప్పుడు సర్కారువాళ్లు ఇదే మొక్కను పీకి కుప్పలుగా కాల్చిన కొండ ఇది. దీన్ని పెంచినందుకు ఆమె తాతను కట్టేసి తీసుకుపోయారు. ఇప్పుడు మనవరాలు పెంచితే ముని మనవరాలికి సీసా.

పని పోతే సీసా కూడా పోతుంది. ఆ నిబంధన తలుపు పక్కన రేకు మీద రాసి ఉంది. రోజూ దాని పక్క నుంచే లోపలికి వస్తాం. నేను కూడా ఏనాడూ ఆగి చదివి, ఇదేమిటని అడిగినదాన్ని కాదు.

పదిహేడో రోజు

ఐదు కణుపులు వచ్చాయి. ఈ రోజు తల తుంచే పని.

వదిలేస్తే ఈ మొక్క ఒకే ఈటెలా పైకి పోతుంది. వెలుగంతా నెత్తి మీది చిగురుకే, కింది కొమ్మలు నీడలో మాడిపోతాయి. ఐదో కణుపు పైన ఆ కొన చిగురును గోటితో గిల్లేస్తే మొక్క రెండు రోజులు బిత్తరపోయి, తర్వాత పక్కల నుంచి చిగుళ్లు తోస్తుంది. పొద అవుతుంది. పైనున్నదాన్ని తీసేసి వెలుగును అందరికీ పంచడమన్నమాట. ఇది నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. ముప్పై ఏళ్లుగా సభల్లో మాట్లాడుతున్న మనిషిని, ఇంత మంచి పోలిక ఎప్పుడూ దొరకలేదు. దాన్ని ఎక్కడ వాడాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. నా కళ్ల ముందు ఉన్నదాన్ని అందుకే చూడలేదేమో.

“ఇలగ పట్టుకో,” అంటూ దొయిమతి నాకు చూపించింది. “లాగకూడదు. గిల్లడమే. లాగితే తోలు ఊడొస్తాది.”

“నొప్పి పుట్టదా దానికి?” అన్నాను నవ్వుతూ.

“పుడతాది. అందుకే కోపమొచ్చి పక్కలకి సేతులు సాపుతాది. నీకు రాదా కోపం?”

“పంతులమ్మకి పొద్దున్నే వచ్చేస్తాది, గిల్లక్కర్లేదు,” అంది రస్మో. అవతలి వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

అప్పుడు గమనించాను. దొయిమతి ఒక మొక్క తల తుంచి, తుంచిన చిగురును బుట్టలో వేసి, చెయ్యి నడుము దగ్గరికి పోనిచ్చింది. అక్కడ చిన్న గుడ్డసంచి. అందులో వేళ్లు ముంచి బూడిద తీసి, బొటనవేలూ చూపుడువేలూ గోళ్ల సందుల దాకా రుద్దుకుని, చీరచెంగుకు తుడుచుకుని, అప్పుడు రెండో మొక్కను తాకింది. మళ్లీ మూడో మొక్కకు ముందూ అదే పని. పన్నెండు మందీ అలాగే చేస్తున్నారు.

“అదెందుకు?”

“మైల తీయాల గదా,” అంది.

ఇక్కడ ఆగి మీకో సంగతి చెప్పాలి. మా ఊరు కోనసీమలో ఉండేది, ఇప్పుడు ఉప్పునీళ్ల కింద ఉంది. మునిగినందుకు నేను ఏడవలేదు. ఆ ఊళ్లో మా నాయనమ్మ కూలికి పోయిన ఇళ్లల్లో, ఆమె ముట్టుకున్న గిన్నెను బూడిదతో తోమి గానీ లోపలికి తీసుకునేవాళ్లు కాదు. మైల తీస్తున్నాం అనేవాళ్లు, ఆమె ముందే, గొంతు కూడా తగ్గించకుండా. నాకు ఆరేళ్లు. ఆమె పక్కనే నిలబడి చూశాను. నేను చదివిన చదువు, చేసిన ఉద్యమం, పోగొట్టుకున్న ఉద్యోగాలు, అన్నీ ఆ గిన్నె దగ్గర మొదలయ్యాయి. మైల, బూడిద. ఈ రెండూ ఒకే నోట వింటే నేను ఇంక ఏమీ వినను.

“మొక్కకి మైలేమిటి దొయిమతీ? ఎవరు నేర్పారు నీకిది?”

“మా యమ్మ.”

“మీ అమ్మకి ఎవరు నేర్పారు? కింద మైదానం నుంచి వచ్చిన వాళ్లే కదా. మిమ్మల్నే మైల అన్నవాళ్ల మాటని మీరు తెచ్చి మొక్కల మీద పెడతారా?”

ఆమె నా మొహంలోకి చూసింది. “ఉంటాది పంతులమ్మా. ముట్టుకుంటే అంటుతాది. నువ్వు సదువుకున్నావు, నీకు తెల్దా?”

నేనది వెటకారం అనుకున్నాను. నిజంగా అడిగిందని ఇప్పుడు తెలుస్తోంది.

పాఠంలో ముందే ఒక వాక్యం రాసి ఉన్నాను: ‘ప్రతి మొక్క తర్వాత వేళ్లను సంచిలోని బూడిదతో రుద్దుకుని తుడుచుకోవాలి.’ దాని మీద అడ్డంగా గీత కొట్టాను. పక్కన కారణం రాశాను: ‘మూఢాచారం. పనితో సంబంధం లేదు.’ కన్ను ఎలాగూ నడుము దాకా చూడదు. ఆ ఒక్క గీతతో ఆ పని లోకంలో లేకుండా పోయింది.

సాయంత్రం తోట అధికారి ఫణీంద్ర ఆ పేజీ చూశాడు. మర్యాదస్తుడు, చిన్నవాడు.

“మొక్కకి నాలుగు సెకన్లు మిగిల్చారు మేడమ్. శాస్త్రీయ దృష్టి ఉన్నవాళ్లు రాస్తే తేడా తెలుస్తుంది.”

నా జీవితంలో ఏ అధికారీ నన్ను మెచ్చుకోలేదు. ఆ రోజు ఎందుకు మెచ్చుకున్నాడో నేను అనుమానించాల్సింది. సంతోషించాను.

ఇరవై నాలుగో రోజు

ఇనపచేతులు వచ్చాయి. పైకప్పు పట్టాల మీద జారుతూ, ఒక్కో దానికి రెండు వేళ్లు, వేళ్ల చివర దొయిమతి గోళ్లను చూసి చేసిన పలుచటి అంచు. పదిమంది ఆడవాళ్లను కింది మడికి మట్టి మోయడానికి పంపేశారు. పోల్చి చూసుకోవడానికని చివరి రెండు వరసల్నీ దొయిమతికీ రస్మోకీ వదిలారు.

ఇప్పుడు కొమ్మలు వంచి కట్టే పని. పక్క కొమ్మలు జానెడు అయ్యాయి. పొద్దున్నే నీళ్లు పోయకముందు వంచాలి, నీళ్లు తాగిన కొమ్మ పుటుక్కుమంటుంది. జనపనార దారంతో కొమ్మకు వదులుగా ఉచ్చు వేసి, బయటికి, కిందికి మెల్లగా దించి, కుండీ అంచు కన్నానికి కట్టాలి. ఉచ్చు బిగిస్తే లావెక్కే కాండాన్ని కోసేస్తుంది. నాలుగు వైపులా నాలుగు కొమ్మలు దించాక మొక్క చక్రంలా పరుచుకుంటుంది. దొయిమతి దీన్ని ‘కూకోబెట్టడం’ అంటుంది. నీడలో పడిన కింది చిన్న చిగుళ్లను గిల్లేస్తుంది. ఇనపచేతులు ఇదంతా ముచ్చటగా చేశాయి. ఆమె కొమ్మను వంచేముందు ఒక క్షణం ఆగుతుంది, అవీ ఆగాయి.

రస్మో దగ్గరలో ఉన్న ఇనపచెయ్యికి పేరు పెట్టింది.

“బావా, మెల్లిగా. నడుం ఇరిగిపోతాది దానికి.”

“బావేమిటే?” అన్నాను.

“మా యమ్మ దగ్గర పని నేర్సుకున్నాడు, మా ఇంటికి అల్లుడే గదా మరి.”

“ఇల్లరికం,” అంది దొయిమతి. “తిండి పెట్టక్కర్లేదు.”

ముగ్గురం నవ్వాం. ఆ మడిలో మేం నవ్వడం అదే ఆఖరు.

దొయిమతి తన రెండు వరసల్లో ఇంకా నడుము సంచిలో చెయ్యి పెడుతూనే ఉంది, నేను అటు తిరిగినప్పుడు. నాకు తెలుసు. చూడనట్టు ఊరుకున్నాను. పెద్దమనసు అనుకున్నాను దాన్ని.

ముప్పై ఒకటో రోజు

ఏడో వరసలో మూడు మొక్కల కొత్త ఆకులు మెలితిరిగి వచ్చాయి. ఆకుపచ్చ మీద పాలిపోయిన మరకలు. మధ్యాహ్నానికి వెతికితే పంతొమ్మిది మొక్కలు. మర్నాటికి లెక్క మానేశాం. రోగం వరస వెంబడి నడుస్తోంది, ఇనపచెయ్యి ఏ వరసలో ఎటు నుంచి ఎటు జారిందో అటే.

దొయిమతి ఒక ఆకు తిప్పి చూసి, దాన్ని తాకిన చేతిని తన ఒంటికి దూరంగా పట్టుకుని నిలబడింది.

“ఇది అంటుకునేదే,” అంది.

ఇరవై రెండు వరసల్లో రోగం. చివరి రెండు వరసలు మాత్రం పచ్చగా ఉన్నాయి.

మీరైతే ఏమనుకునేవారు? ఆ రెండు వరసల్లో ఏదో మంచి జరుగుతోందనుకునేవారా? మండలి అలా అనుకోలేదు. తన చేతుల్ని యంత్రానికి ఇచ్చేసి పని పోగొట్టుకోబోతున్న ఒక ఆడది ఉంది, ఆమె వరసలు మాత్రం బాగున్నాయి, మిగిలినవన్నీ పాడయ్యాయి. వాళ్లకు అది చాలింది. ఫణీంద్ర ఆమె నడుము సంచి విప్పించి, పొడిని కాగితంలో కట్టించాడు.

ముప్పై నాలుగో రోజు

విచారణ భోజనాల గదిలో జరిగింది. గోడ తెర మీద మండలి సభ్యులు ముగ్గురు. ఇటు ఫణీంద్ర, నేను, నిలబడి దొయిమతి. రస్మోను బయట కూర్చోబెట్టారు.

“ఈ పొడి ఏమిటి?” అన్నాడు ఫణీంద్ర.

“బూడిద బాబూ. కొంచెం సున్నం కలుపుతాం. సేతికి రాసుకోడానికి.”

“మొక్కల మీద చల్లడానికా?”

“సల్లుతామా? సేతికి.”

ఫణీంద్ర నా వైపు తిరిగాడు. “మేడమ్, చేతిపాఠంలో బూడిద వాడకం ఎక్కడైనా ఉందా?”

“లేదు,” అన్నాను.

అది అబద్ధం కాదు. పాఠంలో లేదు. కొట్టేసింది నేను.

“పంతులమ్మకి సెప్పేను బాబూ,” అంది దొయిమతి.

“చెప్పిందా?”

“మైల అని ఏదో అంది,” అన్నాను.

తెర మీద ముగ్గురూ నవ్వారు. ఒకాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నవ్వు చూసి నాకు మంటెత్తింది. అయినా నోరు విప్పలేదు. ఎందుకో చెప్తాను, దాచను. విప్పితే ‘అవును, నేనే కొట్టేశాను, మంచి పనే చేశాను’ అనాల్సి వచ్చేది. అప్పటికింకా నేను చేసింది మంచి పనేననుకుంటున్నాను. పాపం అమాయకురాలు, చాదస్తం ఉంది గానీ కుట్ర చేసే మనిషి కాదు అని చెప్పడానికి వాక్యాలు పేర్చుకుంటున్నాను. వాక్యం కుదిరేలోపు వాళ్లు రాసేసుకున్నారు: ‘యంత్రాలపై కక్షతో కుట్ర. తొలగింపు.’

పాఠంలో లేని పని చేసిందన్నది ఆమె మీద నేరం. పాఠం రాసింది నేను.

ముప్పై ఐదో రోజు

గేటు దగ్గర సీసా వెనక్కి తీసుకున్నారు. సగం పైన ఉంది. కాపలాదారు దాన్ని వెలుగుకు పట్టి చూసి, గుర్తు పెట్టి, పెట్టెలో పడేశాడు.

“ఉన్న చుక్కలన్నా ఇవ్వొచ్చు కదయ్యా,” అన్నాను.

“రేకు మీద రాసుంది కదమ్మా,” అన్నాడు. అతను చెడ్డవాడేం కాదు.

రస్మో గాజు వైపు చెయ్యి ఊపింది. “బావా, పోతన్నాను. ఇంకో దాన్ని సేసుకో.” గొంతు మామూలుగానే ఉంది. వాళ్ల అమ్మ నవ్వలేదు.

తోట అంచున పారే గెడ్డ దాకా వాళ్లతో నడిచాను. ఎండగంటకు ఇంకా కొంచెం టైముంది. అప్పుడడిగాను, పద్దెనిమిది రోజులు ఆలస్యంగా.

“అసలు ఆ బూడిద దేనికి, దొయిమతీ?”

“సెప్పేను గదా. ఒక మొక్క పసరు ఇంకో మొక్కకి అంటకూడదు. రోగం ఉన్నది మన కంటికి కనబడదు మొదట్ల. గోళ్లల్లో పసరుండిపోతాది. ఎనకటికి కింద పొగాకు మళ్లల్లో కూలికెళ్లినప్పుడు మా యమ్మా ఆల్లూ సూసి సూసి కనిపెట్టేరు. సేతులు రుద్దుకున్న ఆడోల్ల వరస బాగుండేదట, రుద్దుకోనోల్ల వరస పోయేదట.”

చూశారు, పోల్చారు, కనిపెట్టారు. ఇంతకంటే శాస్త్రమంటే ఏమిటి? ఊరూరా తిరిగి నేను బోధించింది ఇదే కదా.

“మరి మైల అన్నావేం?” అన్నాను.

“మీ మాటే గదా అది. మా బాసలో దానికి ఏరే మాటుంది. అది సెప్తే మీకు తెల్దు. సిన్నప్పుడు బళ్లో పంతుల్ని అడిగేను, ముట్టుకుంటే ఒకలి నుండి ఒకలికి అంటేదాన్ని మీ బాసలో ఏటంటారూ అని. మైల అన్నాడు.” నా వైపు తిరిగి అంది, “తప్పు సెప్పేడా?”

తప్పు చెప్పలేదు. మా భాష దగ్గర ఆ పంతులుకు దొరికిన మాట అదొక్కటే.

“మీ భాషలో ఏమిటా మాట?”

“ఇప్పుడెందుకు,” అంది దొయిమతి. కూతురు చెయ్యి పట్టుకుని గెడ్డ దాటింది.

ముప్పై ఆరో రోజు

నన్ను నేను తిట్టుకోవడం మానేసి పనిలోకి దిగాను. నాకు తెలిసిన దారి ఒక్కటే, రుజువు చెయ్యడం. రోగం లేని మొక్కలు ఇరవై ఎంచుకున్నాను. రోగం ఉన్నదాన్ని గిల్లిన వేళ్లతో పదింటిని గిల్లాను. మిగతా పదింటినీ అలాగే గిల్లాను, మధ్యలో బూడిదా సున్నం గోళ్ల సందుల దాకా రుద్దుకుని. కుండీలకు అంకెలు వేసి ఎదురు చూశాను.

రాసుకున్న అంకెలు చూసుకుంటూ ఉంటే నాకు కొంత తృప్తి కూడా కలిగింది. అదీ రాస్తున్నాను.

నలభై ఆరో రోజు

బూడిద రుద్దుకోని పదింటిలో తొమ్మిది మెలితిరిగాయి. రుద్దుకున్న పదీ నిక్షేపంలా ఉన్నాయి.

ఫణీంద్రకు చూపించాను. కొట్టేసిన పేజీ కూడా చూపించాను, నా చేతిరాతతో సహా. అతను మొత్తం చదివాడు, మధ్యలో ఒకసారి తల పట్టుకున్నాడు.

“చాలా విలువైన విషయం మేడమ్. ఇవాళే పంపిస్తాను.”

సాయంత్రానికి జవాబు వచ్చింది. అన్ని తోటల పాఠాల్లోనూ ‘క్షారపొడి దశ’ చేర్చారు. కనిపెట్టినది: మండలి.

“దొయిమతి సంగతి?”

“అది వేరే ఫైలు మేడమ్. తొలగింపు ఉత్తర్వు అయిపోయింది. పాఠంలో లేని పని చేయడం అప్పటికి తప్పే కదా.”

“ఆ పాఠం తప్పు.”

“అప్పటికి కాదు,” అన్నాడు. గదిలోంచి వెళ్లేటప్పుడు నా కోసం తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

గదికి వచ్చి మంచం మీద కూర్చున్నాక, తలగడ పక్కన నా సీసా కనబడింది. ప్రతి నెలా నాకూ ఒకటి ఇస్తారు. నేనూ మీలాగే నిద్రకు వాడుకుంటాను. ఈ పది రోజులూ రెండేసి చుక్కలు వేసుకుని, హాయిగా పడుకుని, లేచి రుజువు చూసుకున్నాను. ఈ సీసాను గెడ్డ దగ్గరే రస్మో చేతిలో పెట్టాలని నాకు తట్టలేదు. పది రోజుల్లో ఒక్కరోజు కూడా తట్టలేదు.

నలభై ఏడో రోజు

తెల్లవారకముందే బయలుదేరి సిరిబంద వెళ్లాను, సీసా తీసుకుని. కొండ అవతల పన్నెండు గడపల ఊరు. దొయిమతి ఇంటి ముందు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. దొయిమతి గుమ్మంలో ఉంది.

“లోనికి రాకు పంతులమ్మా. మైల ఇల్లు,” అంది.

చావింటికి కూడా మేం వాళ్లకు నేర్పిన మాట అదే.

రస్మో పోయి మూడు రోజులైంది. నూనె ఆగిన నాలుగో రోజు నుంచే ఫిట్స్ మొదలయ్యాయట. ముందు రోజుకొకటి, తర్వాత రోజుకు ఐదారు. ఆఖరుది ఆగలేదు. డోలీ కట్టి ఆసుపత్రికి మోసుకుని బయలుదేరారు. ఎండగంట మోగితే దారిలో ఒక రాతి కింద ఆగాల్సి వచ్చింది. అక్కడే.

ఇన్నేళ్లలో ఎవరైనా నన్ను మైల పేరు చెప్పి ఆపితే నేను ఆగలేదు. తోసుకుని లోపలికి పోయిన ఇళ్లు పదుల్లో ఉంటాయి, వాటి గురించి గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఆ గుమ్మం దగ్గర ఆగాను. లోపలికి రావొద్దనే హక్కు ఆమెకు ఉంది.

“నా తప్పు,” అన్నాను. “నువ్వు చెప్పావు. నేనే కొట్టేశాను. రాసింది రాసినట్టు ఉంచితే…”

“తెలుసు.”

“నీకెలా తెలుసు?”

“ఆ రోజు ఆల్లు నవ్వితే నువ్వు కింద సూసేవు.” ఆమె గొంతులో కోపం వెతికాను. దొరికితే పట్టుకోవచ్చని. దొరకలేదు. “అడుగుతావనుకున్నాను నువ్వు. సదువుకున్నదానివి, ఏటిది ఎందుకు సేస్తావని మళ్లీ ఒక్కపాలి అడుగుతావని. అన్ని రోజులు నా పక్కనే కూకున్నావు.”

సీసా చాపాను. చాపాక సిగ్గేసింది. ఆమె దాన్ని చూసి, కూర్చున్న వాళ్లలో ఒకామెను పిలిచింది. ఒళ్లో పిల్ల ఉంది, మూడేళ్లుంటాయి.

“ఈ గుంటకీ వస్తన్నాయి, మొన్నటేల నుండి. ఎన్ని సుక్కలెయ్యాలో దీనికి సెప్పెల్లు.”

బరువు చూసి, చుక్కలు లెక్కగట్టి చెప్పాను. ఆ తల్లి రెండుసార్లు నా చేత చెప్పించుకుంది. సీసా నెల రోజులు వస్తుంది. ఆ తర్వాత ఏమిటని ఆమె అడిగింది. దొయిమతి అడగలేదు, లోపలికి వెళ్లిపోయింది.

నలభై తొమ్మిదో రోజు

నాలుగో మడి మొక్కల్ని తగలబెట్టారు. కుండీలు కడిగి మళ్లీ విత్తారు. ఇనపచేతులు ఇప్పుడు మొక్కకూ మొక్కకూ మధ్య వేళ్లను ఒక పొడి గిన్నెలో ముంచుకుంటున్నాయి. బొటనవేలి వైపు ముందు, తర్వాత చూపుడువేలి వైపు. అచ్చం ఆమెలా.

మీకు చుక్కలకు లోటు రాదు. అది చెప్పి మిమ్మల్ని ఊరడించాలని ఇది రాయలేదు. మీలో కొందరు ఈపాటికి నా మీద జాలిపడుతుంటారు, నిజాయతీగా ఒప్పుకుంది కదా అని. ఆపండి. ఒప్పుకోవడం నాకు తేలిక, నా ఉద్యోగమే రాయడం. మీరు మండలికి చుక్కల కోసం నెలనెలా ఉత్తరం పంపుతారు కదా, దానికి ఈ కాగితం జత చెయ్యండి. ఇవి మా డిమాండ్లు. ‘మా’ అంటే ప్రస్తుతానికి నేనూ, కింది మడిలో మట్టి మోస్తున్న పదిమందీ. మేం కూర్చుని రాశాం, వాళ్లకు రెండుసార్లు చదివి వినిపించాను, మూడుచోట్ల దిద్దించారు.

1. కిల్లో దొయిమతి మీద రాసిన ‘కుట్ర’ అనే మాటను అన్ని కాగితాల్లోంచీ తీసేయాలి. తీసేసినట్టు బయటికి చెప్పాలి.

2. నూనెను పనితో ముడిపెట్టకూడదు. ఫిట్స్ ఉన్న ప్రతి మనిషికీ, మడిలో పనిచేసినా చేయకపోయినా, ఆగకుండా ఇవ్వాలి. సిరిబంద పిల్లకు ఈ నెలాఖరులోపే.

3. తలుపు పక్కన ఉన్న రేకును పీకేయాలి.

4. చేతిపాఠంలో కొట్టేసిన ప్రతి వాక్యాన్నీ దాచి ఉంచాలి. ఎవరి చేతుల గురించి రాశారో వాళ్లకు, వాళ్ల భాషలో, చదివి వినిపించాకే పాఠం ఖాయం చేయాలి.

5. ‘క్షారపొడి దశ’ పక్కన ‘కనిపెట్టినది: మండలి’ అన్నది కొట్టేయాలి. పొగాకు మళ్లల్లో పనిచేసిన ఆడవాళ్లు అని రాయాలి. దాని అసలు పేరు వాళ్ల భాషలో ఉంది. చెప్పాలో వద్దో వాళ్లిష్టం. చెప్పకపోతే ఆ చోటు ఖాళీగా ఉంచాలి, మరో మాటతో నింపకూడదు.

6. జ్ఞానసుందరిని పాఠం రాసే పని నుంచి తప్పించాలి.

7. కిల్లో రస్మో, పంతొమ్మిదేళ్లు, నూనె ఆపినందువల్ల చనిపోయింది అని తోట దినచర్యలో నలభై నాలుగో రోజు కింద రాయాలి. ఇప్పుడక్కడ ‘వాతావరణం సాధారణం’ అని ఉంది.

8. ఇవన్నీ చేశాక కూడా ఎవరూ వెళ్లి దొయిమతిని క్షమించమని అడగకూడదు.